14416కి ఫోన్ చేస్తే చాదస్తమో ఓసీడీయో తేలుతుందా?

గొళ్ళెం రెండోసారి లాగి చూసిన మనిషిని మన శ్రీకాకుళం ఇళ్ళలో చాదస్తం అంటాం. పదోసారి చూసినా అదే మాట. ఇరవయ్యోసారి చూడ్డానికి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్ళిన ఆటోని వెనక్కి తిప్పించినా అదే మాట. మరోపక్క, పుస్తకాలు వరసగా సర్దుకునే కాలేజీ పిల్లలు "నాకు ఓసీడీ" అని నవ్వుతూ చెప్పుకుంటున్నారు. ఓసీడీ అంటే వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనా, దాని గుబులు దించుకోడానికి చేసిన పనే మళ్ళీ మళ్ళీ చెయ్యడమూ ఉండే మానసిక జబ్బు. జబ్బున్నవాళ్ళకి చాదస్తమని పేరు, చాదస్తం ఉన్నవాళ్ళకి జబ్బు పేరు.

ఈ రెంటి మధ్య గీత ఎక్కడ పడుతుందో పైసా ఖర్చు లేకుండా, తెలుగులో, ఇంట్లో కూర్చుని అడిగే దారి ఇప్పుడు ఒకటుంది: టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, నంబరు 14416. ఈ సమీక్ష ఆ సేవ గురించే, అదీ ఒక్క ఓసీడీ వైపు నుంచే. దిగులుకీ పరీక్షల భయానికీ అది ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే లెక్క.

మా మాట ముందే చెప్పేస్తాం. గీత తేల్చుకోడానికి మంచి సేవ. రోజూ ధైర్యం చెప్పించుకోడానికి వాడితే మాత్రం ఈ జబ్బుకి ఎరువు వేసినట్టే.

2022 ఫిబ్రవరి బడ్జెట్లో కేంద్రం ప్రకటించి, అదే ఏడాది అక్టోబర్ 10న మొదలెట్టింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. 14416, 1800 891 4416 రెండూ టోల్‌ఫ్రీ నంబర్లే, రాత్రీ పగలూ పనిచేస్తాయి. 20 భాషలున్నాయి, కలవగానే భాష ఎంచుకోమంటుంది. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్ళకి ఆ భాషా ఉంది. మొదట మాట్లాడేది శిక్షణ పొందిన కౌన్సిలర్, డాక్టర్ కాదు. అవసరమనిపిస్తే పై అంచెలో ఉన్న మానసిక వైద్య నిపుణులకి కలుపుతారు, లేదా దగ్గర్లోని ఆస్పత్రి చెబుతారు. 2024లో యాప్ కూడా వచ్చింది గానీ, ఈ పనికి బటన్ల ఫోన్ చాలు.

ఇక గీత సంగతి. చాలామందిని లోపల తినేసే ప్రశ్న "ఇలాంటి ఆలోచన రావడమే జబ్బా?" అన్నది. కాదు. నాగావళి వంతెన మీద నడుస్తుంటే పక్కనున్న మనిషిని తోసేస్తే ఏటవుద్దో అనిపించడం, అరసవిల్లిలో చేతులు జోడించగానే దేవుడి మీద బూతుమాట మెదలడం, చంటిబిడ్డని ఎత్తుకుని కత్తిపీట కేసి చూసి ఉలిక్కిపడడం, ఇవన్నీ ఏ జబ్బూ లేనివాళ్ళకీ వస్తాయి. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు పరిశోధకులు మామూలు మనుషుల్ని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది దాకా ఇలాంటివి వస్తాయనే చెప్పారు. ఆ ఆలోచనల్ని రాసి చూపిస్తే, ఏది రోగిదో ఏది మామూలు మనిషిదో చికిత్స చేసే నిపుణులు కూడా తేలిగ్గా పోల్చుకోలేకపోయారు. 2014లో అచ్చయిన మరో అధ్యయనంలో 13 దేశాల్లో 777 మంది విద్యార్థుల్ని అడిగారు. గడిచిన మూడు నెలల్లో ఒక్కటైనా ఇలాంటి ఆలోచన వచ్చిందన్నవాళ్ళు నూటికి 94 మంది.

గీత పడేది ఆలోచన వచ్చిన తర్వాత. మామూలు మనిషి "ఛీ, ఏటిదీ" అనుకుని నడిచిపోతాడు, వంతెన దిగేసరికి మర్చిపోతాడు. ఓసీడీ ఉన్న మనిషి అక్కడే నిలబడిపోతాడు. ఇలా అనిపించిందంటే నాలో ఎక్కడో ఆ కోరిక ఉందా? అనుకుంటే చేసినంత పాపమా? నేను జాగ్రత్త పడకపోతే జరగబోయేదానికి పూచీ నాదే కదా? ఆ గుబులు దించుకోడానికి ఏదో ఒకటి చేస్తాడు. కడుగుతాడు, తిరిగి చూస్తాడు, లెక్కపెడతాడు, మనసులోనే "తప్పు తప్పు" అని పదకొండుసార్లు అనుకుంటాడు, భార్యని అడుగుతాడు. గుబులు దిగుతుంది. ఆ దిగిన హాయే అసలు చిక్కు. ఇలా చేశాను గనకే గండం తప్పిందని మెదడు రాసిపెట్టుకుంటుంది. ఈసారి ఆలోచన మరింత గట్టిగా వస్తుంది, పని మరోసారి ఎక్కువ చెయ్యాల్సొస్తుంది.

ఆలోచనే రానివ్వకుండా బిగబట్టుకుంటే? మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న వైద్యుడి కథ మనవాళ్ళకి కొత్త కాదు.

డాక్టర్లు వాడే కొలత ఇది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం ఆ ఆలోచనలు గానీ, వాటి కోసం చేసే పనులు గానీ రోజులో గంటకి పైగా తినెయ్యాలి. లేదా చెప్పుకోదగ్గ బాధ పెట్టాలి. లేదా చదువు, ఉద్యోగం, సంసారం దెబ్బతినాలి. ఇందులో "లేదా" అన్న మాటని చాలామంది వదిలేస్తారు. పోయేది రోజుకి నలభై నిమిషాలే అయినా, ఆ భయంతో బిడ్డని ఎత్తుకోవడం మానేసిన తల్లి గీతకి అవతలే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-10 అయితే కనీసం రెండు వారాలపాటు, ఎక్కువ రోజులు, ఉండాలంటుంది. ఒక్కరాత్రి పరీక్ష ముందు హాల్ టికెట్ పదిసార్లు తడుముకున్న కుర్రాడికి ఇది వర్తించదు.

కొలతలకంటే పోలికలతో బాగా తెలుస్తుంది. బ్యాంకు క్యాషియర్ కట్టని రెండుసార్లు లెక్కపెట్టడం వృత్తి. మిషన్ అంకె, చేతి అంకె ఒకటే అయినా ఏడోసారి లెక్కపెడుతూ లైను ఆపేస్తే అది వేరు. మొదటి మనిషి అంకె సరిపోతే ఆగుతాడు. రెండో మనిషి మనసు సరిపోతేనే ఆగగలడు, అది సరిపోదు. పొందూరులో నూలు వడికేవాళ్ళు పోగుని మళ్ళీ మళ్ళీ వేళ్ళతో చూసుకోవడమూ అంతే, పోగు బాగుంటే చెయ్యి ముందుకి పోతుంది.

మడి కట్టుకుని వంట చేసే మామ్మగారిదీ ఓసీడీ కాదు. ఆవిడ ఆచారానికి అంచు ఉంది: స్నానం, మడిబట్ట, వంట, నైవేద్యం, అయిపోయింది. అదే ఇంట్లో ఒకరు గడప దాటి వచ్చిన ప్రతిసారీ బకెట్లకొద్దీ నీళ్ళు పోసుకుని, పురోహితుడే "చాలమ్మా, దోషం లేదు" అన్నా ఆపలేకపోతే, అది ఆచారం చెప్పిన పని కాదు. విజయనగరంలో పైడితల్లమ్మ గుడి చుట్టూ ప్రదక్షిణ లెక్క తప్పి ఒకసారి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టడం భక్తే. తప్పకపోయినా తప్పిందేమోనని మొదటికే వస్తూ, ఇంట్లోవాళ్ళు చెయ్యిపట్టి లాక్కొచ్చేదాకా తిరిగితే, ఆ అమ్మవారికి కూడా అక్కర్లేని ప్రదక్షిణలవి.

చాదస్తం అన్న మాట అచ్చంగా నప్పేది ఇంకో రకానికి. బట్టలు ఇలాగే మడతపెట్టాలి, పద్దు ఇలాగే రాయాలి అని ఇంటిల్లిపాదినీ సతాయించేవాళ్ళు. వాళ్ళకి అది బాధ కాదు, గొప్ప. అవస్థ పక్కవాళ్ళది. ఓసీడీలో అవస్థ మొదట తనదే: "పనికిమాలిన పనని నాకూ తెలుసు, అయినా ఒగ్గీలేకపోతన్నాను." కొందరికి జబ్బు ముదిరాక ఈ తెలివిడి కూడా సన్నగిల్లుతుంది, కాబట్టి ఈ ఒక్క ముక్క మీదే తీర్పు చెప్పెయ్యకూడదు.

ఉద్దానం కిడ్నీ భయాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. కవిటి, సోంపేట, పలాస వైపు అయినవాళ్ళు డయాలసిస్‌కి వెళ్ళడం కళ్ళారా చూసినవాళ్ళు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం బుద్ధిగల పని. డాక్టర్ చెప్పిన గడువుకి చేయించుకుని, రిపోర్టు చూసి పనిలో పడితే జాగ్రత్త. బాగానే ఉందన్న రిపోర్టు చేతిలో పెట్టుకుని, ల్యాబ్‌వాళ్ళు తప్పు చేశారేమోనని అదే వారం పలాసలో ఒకటి, టెక్కలిలో ఒకటి చేయిస్తే, ఆ ఊరట పూటకి మించి నిలవకపోతే, కిడ్నీ డాక్టర్‌తో పని అయిపోయినట్టే. అది ఓసీడీయా, దాని చుట్టమైన జబ్బు భయమా అన్నది ఎదురుగా కూర్చోబెట్టుకుని డాక్టర్ తేల్చాలి, 14416లో తేలదు.

సేవ ఎంత బాగా పనిచేస్తుందన్నది సగం మనం చెప్పే మాట మీద ఉంటుంది. "టెన్షన్‌గా ఉంటందండి, నిద్దర్రాదు" అంటే అవతలివాళ్ళకి వినిపించేది మామూలు ఆందోళన. ఊపిరి మీద ధ్యాస పెట్టమంటారు, వేళకి పడుకోమంటారు. తప్పు వాళ్ళది కాదు, చెప్పిన మాటలో గీత లేదు. ఓసీడీ ఉన్నవాళ్ళు సిగ్గుతో ఆలోచనని దాచి, దానివల్ల పుట్టిన నిద్రలేమినే చెప్పుకోవడం ఎక్కడైనా ఉన్నదే. ఫోన్ ఒక్కటే కాదు, డాక్టర్ గదిలోనూ జబ్బు ఇలాగే ఏళ్ళకి ఏళ్ళు తప్పించుకు తిరుగుతుంది.

కాబట్టి ఫోన్‌కి ముందు మూడు రోజులు ఒక కాగితం పెట్టుకోండి. ఎన్నింటికి, ఏ ఆలోచన, వచ్చాక ఏం చేశారు, ఎన్ని నిమిషాలు, ఈ నాలుగే. "ఉదయం 7:10, గ్యాస్ రెగ్యులేటర్, 9 సార్లు, 22 నిమిషాలు" అన్నట్టు. మనసులో చేసే జపం, లెక్క, "నేను చెయ్యలేదు కదా" అని జరిగినదాన్ని తిప్పి తిప్పి గుర్తుచేసుకోవడం, ఇంట్లోవాళ్ళని అడగడం కూడా రాయాలి. కంటికి కనపడవని వదిలేస్తే సగం జబ్బు కాగితం మీదకి రాదు. నిమిషాలు ఉజ్జాయింపుగా చాలు. మూడు రోజులే అనడానికి కారణముంది: నాలుగో రోజుకి ఆ కాగితం సరిగ్గా నింపడమే ఇంకో తంతు అయిపోగలదు.

ఇంట్లో అందరూ ఉండగా కాకుండా, మేడ మీదో పెరట్లోనో నిలబడి, కాగితం చూసి చదివెయ్యడం మేలు:

"మేడం, నాకు ఒకే ఆలోచన పదేపదే వస్తంది. నాకది ఇష్టం లేదండి. వచ్చినప్పుడు ఫలానా పని చెయ్యకండా ఉండలేకపోతన్నాను. రోజుకి రెండు గంటలు దానికే పోతంది. ఆరు నెలల బట్టీ ఇలగే ఉంది. ఇది ఓసీడీయా కాదా చూడ్డానికి పెద్ద డాక్టరుగారితో మాట్లాడించండి."

ఈ ఆరు వాక్యాల్లో వాళ్ళకి కావలసింది మొత్తం ఉంది. కాగితం లేకుండా పావుగంట ఏడ్చినా ఇంత తేలదు.

బాలింతలు ఒక ముక్క ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. "బిడ్డని ఏదైనా చేసేస్తానేమో" అని సగం చెప్పి ఆగిపోతే, వినేవాళ్ళు ఉలిక్కిపడతారు. మిగతా సగం కూడా చెప్పాలి: అలా చెయ్యాలని లేదు, భయమేస్తంది, అందుకే కత్తిపీట అటక ఎక్కించాను, నీళ్ళు పొయ్యడం కూడా అమ్మకే వదిలేశాను. ఓసీడీలో ఆలోచన మనిషిని వణికిస్తుంది, మనిషి దాన్నుంచి పారిపోతుంది. అలా కాక, బిడ్డకి ఏదో పట్టిందని గట్టిగా నమ్ముతున్నా, ఎవరో చేసెయ్యమంటున్నట్టు మాటలు వినపడుతున్నా అది వేరే జబ్బు. బిడ్డతో ఒంటరిగా వదలకుండా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఇప్పుడు ఎరువు సంగతి. ఇరవై నాలుగు గంటలూ ఎత్తే ఫోన్, ఓపిగ్గా ఓదార్చే గొంతు: ఏ కష్టానికైనా ఇవి వరమే, ఓసీడీకి తప్ప. "నేను ఆ పని చెయ్యను కదండీ?" "చెయ్యరమ్మా, భయపడకండి." గుబులు దిగింది. రాత్రి పదకొండుకి మళ్ళీ: "పొద్దున నేను సరిగ్గా చెప్పలేదేమో మేడం..." అది ఫోన్లో చేతులు కడుక్కోవడమే. కడిగినకొద్దీ మురికి అనిపించినట్టు, ఓదార్పు విన్నకొద్దీ అనుమానం పెరుగుతుంది. మా సలహా ఏమిటంటే, ఓసీడీ కోసం ఈ నంబరుకి రెండే ఫోన్లు. మొదటిది గీత తేల్చుకోడానికి, రెండోది ఎక్కడికి వెళ్ళాలో, వెళ్ళొచ్చాక వచ్చిన సందేహాలేమిటో అడగడానికి. మూడోసారి అదే ప్రశ్నతో చెయ్యి ఫోన్ మీదకి పోతే పావుగంట ఆగి చూడాలి, ఆ తర్వాత ఇంకో పావుగంట. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనకి మాత్రం ఈ లెక్క వర్తించదు. అప్పుడు ఎన్నిసార్లయినా చెయ్యాలి.

ఇంట్లోవాళ్ళదీ ఇదే పాత్ర. "అమ్మా, తలుపు ఏసేసానా?" అని అడిగిన ప్రతిసారీ "ఏసేసావు నాయనా" అనే తల్లి, ప్రేమతోనే, జబ్బుని మేపుతోంది. అలాగని రేపట్నుంచి ఉన్నట్టుండి నోరు మూసుకుంటే ఇంట్లో యుద్ధమే. నెమ్మదిగా ఉన్న వేళ ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకుని, ఆ మీదట "దీనికి జవాబు చెప్పనని అనుకున్నాం కదరా" అని ఊరుకోవడం పద్ధతి.

అసలు చికిత్స ఫోన్లో అయ్యేది కాదు. దాని పేరు ఈఆర్‌పీ. భయపెట్టేదానికి ఎదురెళ్ళి, అలవాటైన తంతు చెయ్యకుండా ఉండడం. లండన్‌లో విక్టర్ మేయర్ 1966లో దీని మొదటి రూపాన్ని అచ్చువేశాడు. భయాలన్నిటికీ సున్నా నుంచి నూరు దాకా మార్కులు వేయించి, ముప్పై నలభై దగ్గర మొదలుపెడతారు. తలుపు విషయమే తీసుకుంటే: ఒక్కసారి తాళం వేసి, వెనక్కి చూడకుండా ఏడు రోడ్ల కూడలి దాకా నడవాలి. గుబులు డెబ్బైకి ఎగబాకుతుంది. తిరిగి వెళ్ళకుండా ఉంటే కాసేపటికి దానంతటదే జారుతుంది. ఒకరోజు జారకపోయినా నష్టం లేదు; గుబులు ఉండగానే ఉండగలనని తెలియడమే సగం పాఠం. రోజూ అదే, వారాల తరబడి. మామూలుగా 12 నుంచి 20 దాకా సిట్టింగులు, ఇంటి దగ్గర రోజువారీ సాధన.

చెడేది చిన్న చిన్న దొంగదారుల్లో. తాళం ఫోటో తీసుకుని దారిలో చూసుకోవడం, "టక్ మన్న చప్పుడు విన్నాను" అని మనసులో పదేపదే తిప్పుకోవడం, వెంట వచ్చిన తమ్ముణ్ణి సాక్షిగా పెట్టుకోవడం. ఇవన్నీ తిరిగి చూడడం కిందకే వస్తాయి. "నెల రోజులు చేశాను, ఏం లాభం లేదు" అన్నవాళ్ళలో ఇలాంటిదే ఒకటి దాగి ఉండొచ్చు, ముందు దాన్ని వెతకాలి.

మందుల సంగతి పొట్టిగా. ఫ్లూయాక్సిటిన్, సెర్ట్రాలిన్, ఫ్లూవాక్సమిన్ లాంటివి మొదట రాస్తారు. పాత మందు క్లోమిప్రమిన్ కూడా గట్టిదే. దిగులుకి ఇచ్చేదానికంటే తరచు ఎక్కువ మోతాదు కావాలి, గుణం తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి పది రోజుల వికారం, కంగారు చూసి మానేసేవాళ్ళే "మందులు పడలేదు" అంటుంటారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చే ఆల్‌ప్రజోలం రాత్రికి నిద్రపుచ్చుతుంది, ఓసీడీని ముట్టదు, పైగా అలవాటు పడిపోతుంది.

ఎక్కడికి? శ్రీకాకుళం సర్వజన ఆస్పత్రి, అదే జనం ఇంకా రిమ్స్ అనేది, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి, నెల్లిమర్ల మిమ్స్. మానసిక వైద్య విభాగం ఓపీ చీటీ అడగాలి. విశాఖ చినవాల్తేరు ఆస్పత్రి పేరెత్తగానే ఇంట్లో మొహాలు మారతాయి గానీ, అక్కడా ఓపీలో చూపించుకుని సాయంత్రం బస్సుకి ఇంటికి రావొచ్చు. బయట "కౌన్సెలింగ్" అన్న బోర్డు చూసి వెళ్తే మాత్రం డబ్బు కట్టకముందే ఒక్క ప్రశ్న అడగండి: ఈఆర్‌పీ చేయిస్తారా? ఆ మాటకి అర్థం తెలియకపోతే చెప్పులేసుకోవచ్చు.

ఫోన్ చెయ్యడానికి మొహమాటపడి ఇంటర్నెట్ పరీక్షలు చేసుకునేవాళ్ళకో మాట. అక్కడ తరచు కనిపించేది ఓసీఐ-ఆర్, 18 ప్రశ్నలు, 72 మార్కులు. 21 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్‌కి చూపించమంటుంది. 10 ప్రశ్నల వై-బాక్స్ శిక్షణ ఉన్నవాళ్ళు ఎదురుగా కూర్చుని అడగడానికి తయారుచేసింది. 40కి 16 నుంచి మధ్యస్థం, 24 నుంచి తీవ్రం. రెండూ పనిముట్లే, తీర్పులు కావు. అదే పరీక్ష వారంలో మూడోసారి చేస్తున్నారంటే మార్కులు చూడక్కర్లేదు.

మార్కులంటే, మావీ వేసేస్తాం. గీత తేల్చడానికి 14416కి ఐదుకి నాలుగు. కాగితం లేకుండా ఫోన్ చేస్తే రెండున్నర. ఆస్పత్రి దాకా దారి చూపడానికి మూడున్నర. చికిత్సగా ఒకటి, అది కూడా టోల్‌ఫ్రీ అయినందుకు.

ఫోన్‌తో కాలక్షేపం చెయ్యకుండా సరాసరి ఆస్పత్రికే వెళ్ళాల్సినవాళ్ళు కొందరున్నారు. డెట్టాల్‌తో కడిగి కడిగి చేతులు పగిలి నెత్తురొస్తున్నవాళ్ళు. అంటు భయంతో తిండీ నీళ్ళూ తగ్గించేసినవాళ్ళు. నిన్నటిదాకా బాగున్న చిన్నపిల్లలు ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో ఇలా మారిపోతే వాళ్ళనీ. పిల్లల డాక్టర్‌కి కూడా చూపించాలి, ఈమధ్య జ్వరమో గొంతునొప్పో వచ్చిందా అన్నది మర్చిపోకుండా చెప్పాలి. ప్రాణం మీద విరక్తి మాట నోట వచ్చినవాళ్ళని ఒంటరిగా ఉంచకుండా వెంటే తీసుకెళ్ళాలి. బండి దొరక్కపోతే 108.